స్కీ-డూ, పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్, యమహా: మంచులో ఏ బండిని నమ్మాలి?

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వైపు ఉద్యోగాలకి వెళ్లిన మనవాళ్లకి రెండో మూడో శీతాకాలం దాటాక ఒక సరదా పుడుతుంది. వీకెండ్ వస్తే చాలు, పక్కింటి తెల్లాయన ట్రైలరు మీద రెండు స్నోమొబైళ్లు వేసుకుని ఉత్తరానికి పోతుంటాడు. మనకీ ఒకటి ఉంటే బావుణ్ణు అనిపిస్తుంది. అప్పుడు ఆఫీసులో ఎవరినైనా "ఏ బ్రాండు మంచిది?" అని అడిగామనుకోండి, ఇక అయిపోయినట్టే. నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి, ఆ నలుగురూ మధ్యాహ్నం దాకా కొట్టుకుంటారు. చిరంజీవి, బాలకృష్ణ అభిమానుల గొడవ దీని ముందు ఎంత?

ఆ గొడవలో నేను విన్న జవాబుల్లో చాలావాటికి ఆధారం ఒక్కటే, "మా నాన్న దగ్గర ఇదే ఉండేది". స్పెసిఫికేషన్లు చూసి తేల్చుదామంటే అవి హార్స్‌పవరు, బరువు తప్ప ఇంకేమీ చెప్పవు. నాకు మాత్రం ఈ బండి చరిత్ర చదివితే జవాబు కొంచెం దగ్గరగా కనిపించింది. ఎందుకంటే ఈ బండి పుట్టిందే "సమయానికి పనిచేసే బండి లేకపోవడం" వల్ల. అది సరదా కథ కాదు.

1934 జనవరి. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే చిన్న ఊరు. అక్కడ జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ గరాజు నడుపుకుంటున్నాడు. ఆయన రెండేళ్ల కొడుకు ఈవాన్‌కి అపెండిక్స్ పగిలి కడుపంతా విషమెక్కింది. ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో ఉంది, ఇంచుమించు 50 కిలోమీటర్లు. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆ రోజుల్లో అక్కడ పల్లె రోడ్ల మీద మంచు ఎత్తేవాళ్లే లేరు, శీతాకాలం మొదలైతే కార్లు షెడ్లలోకి వెళ్లేవి, మళ్లీ వసంతంలోనే బయటికి. మంచు మీద నడిచే బండి చెయ్యాలని ఆయన అప్పటికే చాలా ఏళ్లుగా కుస్తీ పడుతున్నాడు (పదిహేనేళ్ల వయసులో, 1922లో, ఫోర్డ్ మోడల్-టి ఇంజనుకి విమానం పంకా తగిలించి ఒకటి నడిపాడు కూడా, వాళ్ల నాన్న భయపడి విప్పించేశాడు). కానీ ఆ రాత్రికి గరాజులో నడిచే స్థితిలో ఉన్న బండి లేదు. పిల్లవాడు చనిపోయాడు.

తర్వాత రెండేళ్లలోనే ఆయన అసలు కిటుకు పట్టుకున్నాడు. పళ్లచక్రం ఒకటి, దాని మీద తిరిగే రబ్బరు పట్టీ ఒకటి. 1937లో పేటెంటు వచ్చింది. దాంతో చేసిన బి7 అనే బండిలో ఏడుగురు కూర్చోవచ్చు, ప్లైవుడ్ బాడీ, ఫోర్డ్ వి8 ఇంజను. 1942లో పన్నెండు మంది పట్టే బి12 వచ్చింది. ఎవరు కొన్నారంటే డాక్టర్లు, అంబులెన్సువాళ్లు, టపా మోసేవాళ్లు, బడిపిల్లల్ని చేర్చేవాళ్లు. అంటే మధ్యలో ఆగిపోతే కుదరనివాళ్లు అన్నమాట. ఇంజను విషయంలో ఆయన ప్రయోగాలు చెయ్యలేదు, అప్పటికే లక్షల కార్లలో నలిగి రుజువైన ఇంజను తెచ్చి పెట్టాడు. ప్రయోగమంతా ట్రాకులో చేశాడు. కొత్తది ఎక్కడ అవసరమో అక్కడే కొత్తది, మిగతా అంతా పాతదే. ఈ విషయం మన ప్రాజెక్టుల్లో ఆర్కిటెక్టులకి ఎవరైనా చెబితే బావుణ్ణు.

1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు ఎత్తించడం మొదలుపెట్టింది. జనానికి మేలే, ఆయన అమ్మకాలు మాత్రం బాగా పడిపోయాయి. అడవుల్లో, గనుల్లో పనికొచ్చే ట్రాక్టర్లు చేసుకుంటూ నెట్టుకొచ్చాడు. చివరికి 1959లో, తేలికపాటి ఇంజన్లు దొరకడం మొదలయ్యాక, ఒకరిద్దరు కూర్చునే చిన్న బండి తెచ్చాడు. అదే స్కీ-డూ. మొదటి ఏడు 225 బండ్లు అమ్ముడుపోయాయి. దాంట్లో ఉన్నది 7 హార్స్‌పవర్ల కోలర్ ఇంజను. అది ఫోర్-స్ట్రోక్! ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఒకరు ఎక్కి తిరిగే మంచుబండి అంతకుముందు లేదా అంటే ఉంది. విస్కాన్సిన్‌లో సేనర్ అనే ఊళ్లో కార్ల్ ఎలియాసన్ అనే కొట్టు యజమాని 1924లోనే పడవకి తగిలించే జాన్సన్ ఇంజను పెట్టి మోటారు టొబాగన్ చేశాడు. 1927లో పేటెంటు కూడా తీసుకున్నాడు. పదుల్లో అమ్మాడు తప్ప అది పరిశ్రమ కాలేదు.

ఇక అమెరికా వైపు కథ ఇంకో రకం. మిన్నెసోటాలో కెనడా సరిహద్దు పక్కనే రోసో అని ఒక ఊరు. అక్కడ ఎడ్గార్ హెటీన్, ఆయన తమ్ముడు ఆలన్, డేవిడ్ జాన్సన్ కలిసి పొలం పనిముట్లు చేసే వర్క్‌షాపు పెట్టుకున్నారు. ఎడ్గార్ ఊళ్లో లేనప్పుడు జాన్సన్, మిగతావాళ్లు కలిసి ఒక బండి తయారుచేశారు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజను, ముందు స్కీలకి షెవర్లే కారు బంపరు, వెనక ట్రాకుకి ధాన్యం ఎత్తే కన్వేయరు గొలుసు. ఊరి నుంచి వచ్చిన ఎడ్గార్‌కి ఇది చూసి ఒళ్లు మండింది. చెయ్యాల్సిన పని వదిలేసి ఇదేం ఆట అని. కానీ జీతాలివ్వడానికి డబ్బు కావాలి కాబట్టి 1956లో దాన్ని ఊళ్లో కలప అడితి ఆయనకి 465 డాలర్లకి అమ్మేశారు. పొలారిస్ చరిత్ర అలా మొదలైంది.

చూశారా తేడా? ఒకాయన కొడుకుని పోగొట్టుకుని రెండేళ్లు ట్రాకు మీద కూర్చున్నాడు. వీళ్లు దొరికిన సామానుతో బండి కట్టి జీతాలకోసం అమ్మారు. పొలారిస్‌ని తక్కువ చేస్తున్నాననుకోకండి, రైతు వర్క్‌షాపు తెలివి గొప్ప తెలివి. అందుబాటులో ఉన్నదానితో చేస్తే అందుబాటులో ఉన్నదానితోనే బాగుచేసుకోవచ్చు.

ఎడ్గార్ మనసు తర్వాత పూర్తిగా మారిపోయింది. ఈ బండిని ఎవరూ నమ్మడం లేదని, 1960 మార్చిలో మూడు బండ్లు తీసుకుని అలాస్కాలో బెతెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా, వెయ్యి మైళ్లకి పైగా ప్రయాణం చేశాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే డెమో ఇవ్వడానికి నేరుగా ప్రొడక్షన్‌లోకి దిగాడు. బండ్లు చేరాయి, పేపర్లలో వచ్చింది. తిరిగొచ్చేసరికి కంపెనీలో పెట్టుబడి పెట్టినవాళ్లు మాత్రం ఈయన పని మానేసి తిరుగుతున్నాడని గుర్రుగా ఉన్నారు. ఆయన రాజీనామా చేసి, దగ్గర్లోనే థీఫ్ రివర్ ఫాల్స్ అనే ఊళ్లో ఇంకో కంపెనీ పెట్టాడు. అదే ఆర్కిటిక్ క్యాట్ అయింది. ఇప్పటికీ పోట్లాడుకునే ఆ రెండు బ్రాండ్ల అభిమానుల్లో సగం మందికి రెండూ ఒకే మనిషి చేతిలో పుట్టాయని తెలియదు.

ఇప్పుడు ఇంజను సంగతి. 1960ల మొదట్లోనే ఫోర్-స్ట్రోక్ పోయి టూ-స్ట్రోక్ వచ్చేసింది. ఎందుకు అనేది మనకి చెప్పక్కర్లేదు, ఎందుకంటే సరిగ్గా ఇదే యుద్ధం మన రోడ్ల మీద కూడా జరిగింది. 1985లో ఒకే ఏడాది మనకి యమహా ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100 రెండూ వచ్చాయి. ఆర్‌ఎక్స్ 100 లాగుడు ఎక్కినవాడు మర్చిపోడు, పెట్రోలు బంకులో టూ-టీ ఆయిలు పోయించుకున్నవాడూ మర్చిపోడు. సీడీ 100 వాడికి ఆ కుర్రతనం లేదు, కానీ నెలకోసారి బంకుకి వెళ్తే సరిపోయేది.

టూ-స్ట్రోక్‌లో పిస్టన్ కిందికి పైకి ఒక్కసారి తిరిగితే ఒక పేలుడు. ఫోర్-స్ట్రోక్‌లో రెండుసార్లు తిరిగితే గానీ రాదు. కాబట్టి అదే సైజులో టూ-స్ట్రోక్‌కి శక్తి ఎక్కువ. వాల్వులు లేవు, క్యామ్ లేదు, కింద ఆయిలు చాంబరు లేదు. మైనస్ 30లో ఫోర్-స్ట్రోక్ ఆయిలు ఆముదంలా గట్టిపడి తాడు లాగినా ఇంజను కదలదు. టూ-స్ట్రోక్‌కి ఆ బాధ తక్కువ. మంచులో బరువే శత్రువు, బండి దిగబడితే మోసుకు రావాల్సింది మనమే. ఇన్ని సుగుణాలుంటే ఎవరు కాదంటారు?

సుగుణాలున్న చోటే దానికి గండం కూడా ఉంది. ఆయిలు పెట్రోలుతో కలిసి లోపలికి వెళ్తుంది. అంటే పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. చలి పెరిగే కొద్దీ గాలి చిక్కబడుతుంది, సున్నా డిగ్రీల గాలి కంటే మైనస్ 40 డిగ్రీల గాలి ఇంచుమించు 17 శాతం చిక్కన. కార్బ్యురేటరుకి ఆ సంగతి పూర్తిగా తెలియదు, గాలి పెరిగినంతగా పెట్రోలు పెంచదు. మిశ్రమం పల్చబడుతుంది, మంట వేడెక్కుతుంది, చల్లబరచడానికి చాలినంత పెట్రోలు లేదు, రాపిడి ఆపడానికి చాలినంత ఆయిలు లేదు. ఫుల్ థ్రాటిల్‌లో గడ్డకట్టిన చెరువు మీద పోతూ ఉండగా పిస్టన్‌కి చిల్లు పడుతుంది. ఊరికి ఎంత చలి ఎక్కువైతే ఇంజను అంత వేడికి చస్తుందన్నమాట! కొండమీద దీనికి తిరగేసి: గాలి పల్చన, పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు మసిబారి ఆగిపోతుంది. కొండకి సరిపోయేలా చిన్న జెట్లు వేసుకుని అలాగే కిందికి దిగినవాడికి మళ్లీ మొదటి గతే. అందుకే పాతకాలం వాళ్లు జేబులో ఇత్తడి జెట్లు, చిన్న స్పానరు వేసుకుని తిరిగేవాళ్లు.

ఇంకోటి చల్ల సీజు. పొద్దున్నే స్టార్ట్ చేసి, వేడెక్కనివ్వకుండా గట్టిగా లాగితే లోపల పిస్టన్ త్వరగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, బయట సిలిండరు ఇంకా మంచులాగే ఉంటుంది. పిస్టన్ పట్టేస్తుంది. దీనికి బ్రాండుతో సంబంధం లేదు, ఐదు నిమిషాల ఓపికతో సంబంధం. రిపేరు షెడ్డుకి వచ్చే ఇంజన్లలో కంపెనీ చంపినవెన్ని, యజమాని చంపినవెన్ని అని లెక్క తీస్తే బ్రాండు అభిమానులకి మాట్లాడడానికి పెద్దగా మిగలదని నా అనుమానం.

అసలు 1960లు, 70లలో బ్రాండు అనే మాటకి అర్థమే వేరు. వందకి పైగా కంపెనీలు ఈ బండ్లు చేశాయి. రప్, స్కార్పియన్, మోటో-స్కీ, స్నో-జెట్ లాంటివే కాదు, ట్రాక్టర్ల జాన్ డీర్, మ్యాసీ ఫెర్గూసన్, పడవ ఇంజన్ల ఎవిన్‌రూడ్, మెర్క్యురీ, ఆఖరికి హార్లే-డేవిడ్‌సన్ కూడా. ఇంతమందిలో సొంత ఇంజను ఎంతమందికి ఉంది? చాలామంది జర్మనీ నుంచి జేఎల్ఓ, జాక్స్, హిర్త్ ఇంజన్లో, ఇంకెక్కడినుంచో కోలర్ ఇంజన్లో తెప్పించుకుని, తమ రంగు డబ్బాలో పెట్టి అమ్మినవాళ్లే. బానెట్ ఎత్తితే అంతా ఒకటే. రంగు చూసి బ్రాండుని పొగిడినవాళ్లు నిజానికి వెల్డింగుని, ట్రాకుని, ఊళ్లో ఉన్న డీలరు మంచితనాన్ని పొగిడారు.

దీన్ని ముందుగా గ్రహించినవాళ్లు బొంబార్డియేవాళ్లు. జోసెఫ్-ఆర్మాండ్ 1964లో చనిపోయాడు, 1966 నుంచి అల్లుడు లోరాన్ బోదువాన్ కంపెనీ చూసుకున్నాడు. అప్పటికే తమకి ఇంజన్లు ఇస్తున్న ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్‌ని 1970లో కొనేశారు. పొలారిస్ జపాన్‌లో ఫ్యూజీ హెవీ ఇండస్ట్రీస్‌తో (సుబారు కార్ల కంపెనీ), ఆర్కిటిక్ క్యాట్ కొన్నేళ్ల తర్వాత సుజుకితో జత కట్టాయి. యమహా 1968లో ఎస్ఎల్ 350తో వచ్చింది. దానికి ఎవరితో జత అక్కర్లేదు, ఇంజను చెయ్యడమే వాళ్ల పని.

1971లో ఉత్తర అమెరికాలో దాదాపు 5 లక్షల స్నోమొబైళ్లు అమ్ముడయ్యాయి. తర్వాత చమురు సంక్షోభం, వడ్డీ రేట్లు, మంచు సరిగ్గా పడని శీతాకాలాలు. 1980ల మొదట్లో అమ్మకాలు లక్ష లోపుకి పడిపోయాయి. ఆర్కిటిక్ క్యాట్ మాతృసంస్థ 1981లో దివాలా తీసింది (పాత ఉద్యోగులు కొందరు 1983లో మళ్లీ నిలబెట్టారు). పొలారిస్‌ని టెక్స్‌ట్రాన్ వదిలించుకుంటే 1981లో మేనేజర్లే కొనుక్కున్నారు. జాన్ డీర్ 1984 తర్వాత చెయ్యలేదు. చివరికి మిగిలింది నలుగురు. ఆ నలుగురికీ నమ్మకంగా ఇంజను దొరికే దారి ఉంది, ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను. బొంబార్డియే అయితే సంక్షోభంలో మాంట్రియల్ మెట్రోకి పెట్టెలు చేసే పనిలో దిగి, అక్కడినుంచి రైళ్లు, విమానాల్లోకి పోయింది. ఢిల్లీ మెట్రోలో గుజరాత్‌లోని సావ్లీ ఫ్యాక్టరీనుంచి వచ్చిన కోచ్‌లు, హైదరాబాదు నుంచి స్పైస్‌జెట్ నడిపిన పంకాల క్యూ400 విమానాలు ఆ పేరు మీద వచ్చినవే. మంచుబండ్ల భాగం 2003లో విడిపోయి బీఆర్‌పీ అయింది.

ఇక నమ్మకం అనే మాటకి అసలు పరీక్ష ఎక్కడ జరిగిందో చూద్దాం. మిన్నెసోటాలో రాల్ఫ్ ప్లెయిస్టెడ్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు ఉండేవాడు. స్నోమొబైలు గొప్పలు చెబుతూ ఉంటే ఒక స్నేహితుడు "అంత గొప్పదైతే ఉత్తర ధ్రువానికి పోరాదూ" అన్నాడు. 1967లో వెళ్లాడు, కుదరలేదు. 1968లో మళ్లీ వెళ్లి ఏప్రిల్ 19న చేరాడు. వాడింది 16 హార్స్‌పవర్ల చిన్న స్కీ-డూలు, బృందంలో బొంబార్డియే అన్నకొడుకో తమ్ముడికొడుకో అయ్యే జాన్-లూక్ కూడా ఉన్నాడు. స్థానాన్ని అమెరికా వైమానిక దళ విమానం మీదనుంచి నిర్ధారించింది. మంచు మీదుగా ధ్రువం చేరినట్టు వివాదం లేకుండా రుజువైన మొదటి యాత్ర అదే. కాకపోతే పెట్రోలు, సామాను విమానాల్లో వచ్చి పడేవి. వెనక సపోర్టు టీమ్ ఉంటే ఏ బండి నమ్మకమైనా పెరుగుతుంది మరి.

ఆ సపోర్టు లేనివాళ్ల సంగతే నాకు ముఖ్యం. 1960లలో ఆర్కిటిక్ పల్లెల్లో ఇన్యుయిట్‌లు, ఫిన్లాండ్ ఉత్తరాన సామీలు కుక్కల బండ్లని, రెయిన్‌డీర్ బండ్లని వదిలి దీనికి మారారు. ఫిన్లాండ్‌లో సెవెట్టియార్వి అనే సామీ ఊళ్లో ఏం జరిగిందో పెర్టి పెల్టో అనే మానవశాస్త్రవేత్త దగ్గరుండి చూసి 1973లో ఒక పుస్తకమే రాశాడు. 1960ల మొదట్లో ఊళ్లోకి మొదటి బండి వచ్చింది, పదేళ్లు తిరక్కుండా బండి లేని ఇల్లు అరుదైపోయింది. ఇంటికి కావలసిన బలమంతా అంతకుముందు తమ దగ్గరే పెరిగేది, మేసేది. ఇప్పుడు పెట్రోలు కొనాలి, విడిభాగాలు కొనాలి. కొనలేనివాళ్లు మెల్లగా మంద కాయడమే మానుకున్నారు.

నా వృత్తి వల్లేమో గానీ, నాకు ఇక్కడ ఇంకోటి తడుతుంది. ఎనిమిది కుక్కల బండిలో ఒక కుక్క కుంటితే మిగతా ఏడు లాగుతాయి. నెమ్మదిగానైనా ఇల్లు చేరుస్తాయి. తుఫానులో దారి తప్పితే వాటికి దారి తెలుసు. మరీ ప్రాణం మీదికొస్తే (ఇది రాయాలంటే బాధగానే ఉంది) వాటిని తినొచ్చు కూడా. ఇంజను అలా కాదు, ఒక బేరింగు పోతే మొత్తం పోయినట్టే. ఊరికి 60 కిలోమీటర్ల దూరంలో, మైనస్ 40లో. అక్కడ "ఏ బ్రాండు మంచిది" అనేది టైమ్‌పాస్ చర్చ కాదు.

మరి వాళ్లు ఏం ఎంచుకున్నారు? ఎక్కువ శక్తి ఉన్నవి కాదు. ఫ్యాను గాలితో చల్లబడే చిన్న టూ-స్ట్రోక్‌లు. నీళ్లతో చల్లబడే ఇంజనుకి వేడి వదలడానికి ట్రాకు ఎగజిమ్మే మంచు కావాలి, అది బండి పొట్ట కింది గొట్టాల మీద పడాలి. గాలికి మంచంతా కొట్టుకుపోయి ఒట్టి ఐసు మిగిలిన చెరువు మీద అది వేడెక్కిపోతుంది. ఫ్యాను ఇంజనుకి ఆ గొడవ లేదు. గొట్టం లేదు, పంపు లేదు, కారిపోయే కూలెంటు లేదు. స్కీ-డూ ఎలాన్ అని 250 సీసీ సింగిల్ సిలిండరు బండి 1971 నుంచి 1996 దాకా పెద్దగా మార్పు లేకుండా తయారైంది. పాతికేళ్లు! మన అంబాసిడర్ కారులాగ. యమహా బ్రావో, స్కీ-డూ టండ్రా కూడా ఆ జాతివే. పెద్ద వేగం లేదు, అందం లేదు, ఏది పోయినా పక్కూళ్లో ఇంకో చచ్చిన బండినుంచి ఊడదీసి వేసుకోవచ్చు.

ఈ కోవలో రష్యా బురాన్ ఇంకో మెట్టు పైన. రీబిన్‌స్క్‌లో 1971 నుంచి తయారవుతూ వచ్చిన బండి, ముందు ఒకే స్కీ, వెనక రెండు ట్రాకులు, 635 సీసీ ఫ్యాను టూ-స్ట్రోక్. అది చెడిపోదు అని ఎవరూ అనరు, తెగ చెడిపోతుంది. కానీ నాసి పెట్రోలుతో నడుస్తుంది, చెడిన చోటే సుత్తి, స్పానరు, తీగముక్క పెట్టి మళ్లీ నడిపించుకోవచ్చని అక్కడి వేటగాళ్ల నమ్మకం. మన పల్లెల్లో లూనా, టీవీఎస్ 50 బతికింది కూడా ఇలాగే కదా. "చెడిపోనిది" ఒక రకం నమ్మకం, "చెడినా నేను బాగుచేసుకోగలిగేది" ఇంకో రకం. కంపెనీ షోరూముకి దగ్గర్లో ఉన్నవాడికి మొదటిది చాలు.

టూ-స్ట్రోక్‌కి దెబ్బ తగిలింది నమ్మకం వల్ల కాదు, పొగ వల్ల. దాంట్లో పోసిన పెట్రోలులో మూడో వంతు దాకా మండకుండానే పొగగొట్టంలోంచి పోతుంది. ఎల్లోస్టోన్ పార్కు గేటు దగ్గర రేంజర్లు మాస్కులు పెట్టుకుని టికెట్లిచ్చే దాకా వచ్చింది. 2000లో పార్కు వాళ్లు ఈ బండ్లని దశలవారీగా మానిపించాలని నిర్ణయించారు, ఆ తర్వాత కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది, చివరికి శుభ్రమైన ఇంజన్లకే అనుమతి అన్నారు. 2002లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా 2006 మోడళ్లనుంచి వర్తించేలా నియమాలు పెట్టింది. దాంతో నలభై ఏళ్ల తర్వాత ఫోర్-స్ట్రోక్ తిరిగొచ్చింది. ఆర్కిటిక్ క్యాట్ సుజుకి కారు ఇంజను తెచ్చి పెట్టింది (మన మారుతి 800 లాగే మూడు సిలిండర్లది). యమహా అయితే 2003 మోడలుగా ఆర్‌ఎక్స్-1 తెచ్చింది, అది వాళ్ల ఆర్1 స్పోర్ట్స్ బైకు నుంచి తీసిన 998 సీసీ ఇంజను. ఆ తర్వాత యమహా తన బండ్లని దాదాపు పూర్తిగా ఫోర్-స్ట్రోక్‌కే మార్చుకుంది.

స్కీ-డూ ఇంకో దారి పట్టింది. 2000 చివర్లో ఎవిన్‌రూడ్ పడవ ఇంజన్ల కంపెనీ దివాలా తీస్తే బొంబార్డియే 2001లో కొన్నది. ఆ ఈ-టెక్ పరిజ్ఞానాన్ని 2009 మోడలు స్నోమొబైళ్లలో పెట్టారు. పొగగొట్టం దారి మూసుకోబోతుండగా నేరుగా సిలిండరులోకే పెట్రోలు చిమ్మడం, ఎంత చిమ్మాలో కంప్యూటరు లెక్కగట్టడం. పొగ తగ్గింది, ఆయిలు ఖర్చు తగ్గింది. నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి, జేబులో ఇత్తడి జెట్లు పెట్టుకు తిరిగే కాలం పోయింది. చలి ఎంతో, కొండ ఎంత ఎత్తో సెన్సరు చూసుకుంటుంది. టూ-స్ట్రోక్‌ని చంపే మొదటి జబ్బుకి మందు దొరికినట్టే. (ఆ పడవ ఇంజన్లని మాత్రం బీఆర్‌పీ 2020లో ఆపేసింది. అవయవదానం చేసి పోయింది పాపం.)

ఇంతకీ ఎవరిది గట్టి బండి? నా అభిప్రాయం ఇది. ట్రెయిల్ మీద ఏడాదికి వేల మైళ్లు తిరిగేవాడికి యమహా ఫోర్-స్ట్రోక్‌ని మించింది రాలేదు. ఆయిలు మార్చుకుంటూ పోతే ఇంజను గురించి ఆలోచించక్కర్లేదు. టూ-స్ట్రోక్ ఎంత మంచిదైనా ఎప్పుడో ఒకప్పుడు పిస్టన్లు, రింగులు మార్చక తప్పదు. అదే నడుములోతు మెత్తటి మంచులో, కొండల్లో అయితే ఫోర్-స్ట్రోక్ బరువే దాని జబ్బు. దిగబడిన బండిని లాగలేక అక్కడే రాత్రంతా ఉండిపోతే దాని ఇంజను పాతికేళ్లు వస్తుందని ఏం లాభం? పైగా పెద్ద ఫోర్-స్ట్రోక్‌లు చాలావాటికి లాగే తాడు ఉండదు, బ్యాటరీ చస్తే బండి చచ్చినట్టే. కొండకి ఈ-టెక్ స్కీ-డూనో, కొత్త తరం పొలారిస్సో సరైనవి. ఊరికి దూరంగా చేపలకి, కట్టెలకి తిరిగేవాడికి ఫ్యాను బండి. ఏ బ్రాండుకైనా సమానంగా తెగేది ఒకటుంది, క్లచ్చుల మధ్య తిరిగే రబ్బరు బెల్టు. దాన్ని ఒకటి అదనంగా పెట్టుకోనివాడికి బ్రాండు గురించి మాట్లాడే హక్కు లేదు.

పందేల ఫలితాలు చూపించి మా బ్రాండే గొప్ప అనేవాళ్లుంటారు. అలాస్కాలో 1984 నుంచి ఐరన్ డాగ్ అని జరుగుతోంది, రెండు వేల మైళ్లకి పైన, నోమ్ మీదుగా. ప్రతి ఏడూ చాలా జట్లు మధ్యలోనే ఆగిపోతాయి. నాకు నచ్చింది దాని నియమం. ఒంటరిగా పోనివ్వరు, రెండు బండ్లు, ఇద్దరు మనుషులు కలిసి పోవాలి. గెలిచినవాళ్లు కూడా దారిలో బండి విప్పి మళ్లీ బిగించినవాళ్లే.

అసలు విచిత్రం చివర్లో ఉంది. అందరూ ఒప్పుకునే గట్టి ఇంజను చేసిన యమహా 2023లో ఈ వ్యాపారంనుంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది. జపాన్‌లో అప్పటికే ఆపేశారు, యూరప్‌లో 2024తో, ఉత్తర అమెరికాలో 2025 మోడళ్లతో ముగించారు. 1968లో మొదలైన కథ. కారణం బండి చెడ్డదని కాదు, లాభం నిలవడం లేదని. పదిహేనేళ్లు నడిచే బండి కొన్నవాడు పదిహేనేళ్లదాకా షోరూము గడప తొక్కడు. షోరూములో బండి పక్కన నిలబడ్డవాడు అడిగేది ఎన్ని హార్స్‌పవర్లు, ఎంత బరువు అనే. పదో ఏట ఎలా ఉంటుందని అడిగేవాడు అప్పటికే పాత యమహా కొనుక్కుని ఇంట్లో కూర్చున్నాడు.

యమహాతో ఇంజన్ల పొత్తు పెట్టుకున్న ఆర్కిటిక్ క్యాట్‌ని 2017లో టెక్స్‌ట్రాన్ కొన్నది (అవును, ఒకప్పుడు పొలారిస్‌ని వదిలించుకున్న టెక్స్‌ట్రానే). 2024 చివర్లో తయారీ ఆపుతున్నామని చెప్పి, 2025లో అమ్మేసింది. కొన్నది ఆ కంపెనీలోనే ఒకప్పుడు పనిచేసిన మనిషి నాయకత్వంలోని బృందం. 1983లో జరిగిందే మళ్లీ. థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఫ్యాక్టరీ మీద ఆధారపడ్డ కుటుంబాలకి ఆ శీతాకాలం ఎలా గడిచిందో, లే-ఆఫ్‌లు చూసిన మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

యమహా విడిభాగాలు, సర్వీసు మాత్రం కొనసాగిస్తామని చెప్పింది. కాబట్టి ఎవరైనా పాత యమహా ఫోర్-స్ట్రోక్ బేరానికి ఉందని చెబితే, మైళ్ల మీటరు చూసి భయపడకండి. బెల్టు, ట్రాకు, సస్పెన్షన్ బేరింగులు చూసుకోండి, రాత్రంతా బయట చలిలో ఉంచి పొద్దున్నే మీ ముందే స్టార్ట్ చెయ్యమనండి.